రాడ్డు చివర ఎర్రమట్టి వచ్చిందంటే అది జామ్ కాదు

ప్రశ్న: అన్నయ్యా, మా ఇల్లు కట్టి 28 ఏళ్లయింది. గత నాలుగు నెలల్లో మూడుసార్లు డ్రైనేజ్ జామ్ అయింది. వాషింగ్ మెషిన్ నీళ్లు వదలగానే కింద బాత్రూమ్ జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొస్తున్నాయి, కమోడ్ గుడగుడమంటుంది. ప్రతిసారీ రాడ్డు కొట్టించాం, పది పదిహేను రోజులు బాగుంటుంది, మళ్లీ మామూలే. పోయినసారి రాడ్డు చివర ఎర్రమట్టి అంటుకుని వచ్చింది. గేటు లోపల, ఏడాదిగా కారు పెడుతున్న చోట రెండు టైల్స్ కుంగాయి. ఒకాయన లైనంతా తవ్వి కొత్తది వేయాలంటాడు, ఇంకొకాయన తవ్వే పనే లేదు లోపల లైనింగ్ వేస్తానంటాడు, మా వారేమో ఇంకొక్కసారి యాసిడ్ పోసి చూద్దాం అంటున్నారు. ఇంటి చాంబర్ నుంచి గేటు దగ్గర చాంబర్ దాకా 40 అడుగులుంటుంది, రెండున్నర అడుగుల లోతులో పాత మట్టి పైపులు. నీళ్ల సంపు కూడా గేటు పక్కనే. ఎవరి మాట వినాలి? తవ్వితే టైల్స్ మళ్లీ ఎప్పుడు వేయించుకోవచ్చు?

సమాధానం: చెల్లెమ్మా, ముగ్గురిలో ఎవరి మాటా ఇప్పుడే వినకండి. అన్నిటికంటే ముందు కారు తీసి బయట పెట్టండి, ఈరోజే. కుంగిన టైల్స్ చుట్టూ ఏదో ఒకటి అడ్డం పెట్టి పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. పైకి రెండు టైల్స్ కుంగినట్టే కనిపిస్తుంది గానీ కింద ఎంత ఖాళీ ఉందో మనకి కనపడదు, టైల్స్ కింద వేసిన పలచటి కాంక్రీటు కొన్నాళ్లు వంతెనలాగా బరువు మోస్తుంది, ఆ తర్వాత ఒకరోజు చక్రం కిందే జారిపోతుంది.

ఇక అసలు విషయానికొస్తే, మీ ఉత్తరంలో ముఖ్యమైన మాట ఎర్రమట్టి. మామూలు జామ్ అయితే రాడ్డుకి జిడ్డు వస్తుంది, వెంట్రుకలు వస్తాయి, గుడ్డ పీలికలు, ప్యాడ్లు, నల్లటి బురద వస్తుంది. ఇంట్లోంచి ఎవరూ ఎర్రమట్టి ఫ్లష్ చెయ్యరు కదా. అది బయట నేలలోది, పైపులోకి వచ్చిందంటే పైపుకి ఎక్కడో నోరు తెరుచుకుంది. జాయింట్ విడిపోయి ఉండాలి, లేదా పైభాగం పగిలి లోపలికి పడిపోయి ఉండాలి. ఒక్కోసారి మట్టి కూడా రాదు, రాడ్డు ప్రతిసారీ సరిగ్గా అదే దూరంలో ఠక్కుమని ఆగుతుంది, అది కూడా దాదాపు అదే అర్థం.

ఇంకో సంగతి చెప్తే మీకు బాధనిపిస్తుంది కానీ చెప్పాలి. రాడ్డు కొట్టినప్పుడల్లా పదిహేను రోజులు బాగుంది అంటున్నారే, ఆ పదిహేను రోజుల్లోనే గుంత పెద్దదైంది. ఎలాగంటే, లైను మూసుకుపోయినప్పుడు నీళ్లు పైపులో పైదాకా నిలబడి ఆ పగులులోంచి బయటి మట్టిలోకి దూరతాయి, మట్టి నాని మెత్తబడుతుంది. రాడ్డు వేసి దారి తెరవగానే నీళ్లన్నీ ఒక్కసారి దిగిపోతాయి, మట్టిలోకి దూరిన నీళ్లు కూడా వెనక్కి పైపులోకే కారతాయి, వచ్చేటప్పుడు ఊరికే రావు, సన్న మట్టిని మోసుకొస్తాయి. ఆ మట్టి కొంత కొట్టుకుపోతుంది, కొంత పైపు అడుగున పేరుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది, మళ్లీ నానుతుంది, మళ్లీ రాడ్డు. ఇలా మూడు రౌండ్లు తిరిగేసరికి పైపు చుట్టూ ఉండాల్సిన మట్టి పైపులోంచే వెళ్లిపోయింది, అందుకే మీ టైల్స్ కుంగాయి. రాడ్డు కొట్టినాయన తప్పేం లేదు, ఆయన్ని జామ్ తియ్యమన్నారు, తీశాడు. కానీ ఇంకోసారి పిలవకండి. హై ప్రెషర్ జెట్టింగ్ (గొట్టంతో నీళ్లు బలంగా కొట్టి లైను కడగడం) అసలే వద్దు, విరిగిన చోట ఆ ప్రెషర్ తగిలితే మిగిలిన మట్టిని కూడా కడిగేస్తుంది.

అయినా సరే నా మాట కూడా గుడ్డిగా నమ్మొద్దు, మీరే ఒక చిన్న పరీక్ష చేసుకోండి. రెండు చాంబర్ల మూతలూ తీయించండి (తీసి దూరంగా నిలబడండి, లోపలికి తల పెట్టి చూడకండి). ఇంటి దగ్గర చాంబర్ నిండా ఉండి గేటు దగ్గరది ఖాళీగా ఉంటే రోగం ఆ 40 అడుగుల మధ్యలోనే ఉంది. రెండూ నిండి ఉంటే గేటు అవతల, మెయిన్ లైన్లో ఏదో ఉంది, పక్కింటి వాళ్లని అడిగితే వాళ్లకీ ఇదే గోల ఉంటుంది, అప్పుడు మీరు మీ వాకిలి తవ్వుకోవడం శుద్ధ దండగ. సెప్టిక్ ట్యాంకుకి వెళ్లే లైనైతే ట్యాంకు నిండినా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి ముందు అది చూడాలి. రెండు చాంబర్లూ ఖాళీగా ఉండి బాత్రూమ్ మాత్రం పొంగుతుంటే ఇంటి లోపలి పైపులోనే ఉంది తంటా. ఒక్క సింకో ఒక్క బేసినో నెమ్మదిగా దిగుతుంటే దానికీ మెయిన్ లైనుకీ సంబంధమే లేదు, దాని ట్రాప్, అంటే కింద వంపు తిరిగిన పైపు ముక్క, విప్పి కడిగితే చాలు. గుడగుడ శబ్దం ఒక్కటే ఉండి ఏదీ పొంగకపోతే మేడ మీదకి గాలి వదిలే వెంట్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి, పైన పక్షి గూడు పెట్టినా ఆ శబ్దం వస్తుంది. మీ కేసులో అలా కాదు, ఇంట్లో అన్నిటికంటే కిందున్న జాలీలోంచి పొంగుతోంది, అదీ మెషిన్ ఒక్కసారిగా నీళ్లు వదిలినప్పుడు, అంటే లైను సన్నగా పారుతోంది గానీ ఎక్కువ నీళ్లు పట్టట్లేదు.

పైన నీళ్లు కొంచెం దిగాక ఇంకోటి చేయండి, కమోడ్లో ముదురు రంగు ఏదైనా కలిపి రెండు బకెట్లు కుమ్మరించి ఒకరు గేటు చాంబర్ దగ్గర ఉండండి. రంగు ఎంతసేపటికి వచ్చింది, రెండు బకెట్లు పోస్తే ఎంత వచ్చింది, మట్టి కలిసి వచ్చిందా, లేకపోతే అసలు చాంబర్లోకి రాకుండా కుంగిన చోట తడిగా పైకి తేలిందా చూడండి. రెండు బకెట్లకి అర బకెట్టే వస్తే మిగతాది ఎటు పోయిందో మీకే అర్థమవుతుంది.

యాసిడ్ సంగతి, మీ వారికి నా మాటగా చెప్పండి, కూలిన పైపుకి యాసిడ్ పోయడం విరిగిన కాలికి నూనె రాయడం లాంటిది. మట్టినీ పెంకునీ యాసిడ్ కరిగించదు, అది ఆ నిలవ నీళ్లలోనే ఉండి రేపు మూత తీసినవాడి చేతుల మీదా కళ్లల్లోకీ చిమ్ముతుంది. పైగా పొంగిన బాత్రూమ్ శుభ్రం చేయడానికి బ్లీచింగ్ వాడుతుంటారు, యాసిడ్ దానితో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదకి తెస్తుంది. ఇప్పటికే పోసి ఉంటే మాత్రం పనికి వచ్చేవాళ్లకి ముందే చెప్పండి, దాచకండి.

ఇప్పుడు తవ్వకం. టైల్స్ అక్కడే కుంగాయి కాబట్టి అక్కడే విరిగింది, అక్కడే తవ్వేద్దాం అని ఎవరైనా అంటే ఆగమనండి. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఇలాగే తడి కనిపించిన చోట గునపం వేయించాను. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా తవ్వితే పైపు చక్కగా, గీత కూడా లేకుండా నవ్వుతూ కనిపించింది. పగులు అక్కడికి పన్నెండు అడుగులు ఎగువన, నీళ్లు వచ్చే వైపు ఉంది. పైపు వేసినప్పుడు తవ్వి పూడ్చిన మట్టి పక్క నేల కంటే ఎప్పుడూ గుల్లగానే ఉంటుంది కదా, కారిన నీళ్లు ఆ గుల్ల వెంటే పైపు బయటగా పారి పల్లం ఉన్న చోట పైకి తేలతాయి. ఆ ఇంటాయన ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గేసింది. మీ ఇంట్లో తడి మాత్రమే కాదు కుంగడం కూడా ఉంది కాబట్టి పగులు దగ్గర్లోనే ఉండొచ్చు, కానీ ఉండొచ్చు అన్నదానికీ ఉంది అన్నదానికీ మధ్య తేడా ఒక పూట తవ్వకం.

ఉజ్జాయింపుకైతే రాడ్డే చాలు. రాడ్డు చాంబర్లోకి వదిలి ఆగిన చోట, పైపు నోటి దగ్గరకి వచ్చే భాగానికి టేపు చుట్టించండి, బయటకి తీసి కొలిచి ఆ కొలత నేల మీద సుద్దతో గీయండి. గేటు చాంబర్ వైపు నుంచి కూడా అలాగే చేయండి. రెండు గీతలూ దగ్గరదగ్గరగా వస్తే ఆ ఒక్క చోటే కూలింది, రెండిటికీ మధ్య పది అడుగులు తేడా ఉంటే ఒక చోట కాదు, చాలా దూరం పాడైంది.

దీని తర్వాత కెమెరా పెట్టించండి. ఖర్చు ఎందుకు అనుకోకండి, మీ కేసులో ఇది తప్పదు, ఎందుకంటే ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు, ఇద్దరూ చూడలేదు. కెమెరా వేసేముందు పైన నిలిచిన నీళ్లు తోడించాలి, మురికినీళ్లలో దానికి ఏమీ కనపడదు, నీళ్లున్న లైన్లో కెమెరా వేసి "ఫుల్ బ్లాక్ సార్" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. కెమెరా తల దగ్గర సిగ్నల్ ఇచ్చే ముక్క ఉన్నది అడగండి, అప్పుడు పైనుంచి రిసీవర్ పట్టుకుని సరిగ్గా ఆ చోటినీ లోతునీ నేల మీద గుర్తు పెట్టగలరు. వీడియో మీ ఫోన్లో తీసుకోండి, దూరం అంకె తెర మీద కనపడాలి, ఎక్కడి నుంచి కొలిచారో మొదట్లోనే నోటితో చెప్పించండి. రెండు వైపుల నుంచీ వేయమనండి, కూలిన చోట దాటి వెళ్లలేదు కదా.

వీడియో చూసేటప్పుడు పైపు ఎక్కడ విరిగిందో చూసి ఊరుకోవద్దు, ఎందుకు అక్కడే విరిగింది అన్నది చూడాలి. ముక్క మార్చాలా లైనంతా మార్చాలా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. పాత మట్టి పైపులు రెండు మూడు అడుగుల ముక్కలుగా వస్తాయి, అంటే మీ 40 అడుగుల్లో పదిహేను ఇరవై జాయింట్లు, అన్నీ సిమెంటుతో పూసినవి. సిమెంటు జాయింటు వంగదు, నేల కొంచెం సర్దుకుంటే చిట్లుతుంది. ఒక్క కారు కిందున్న ముక్కలే నలిగి మిగతా జాయింట్లన్నీ వరసగా గుండ్రంగా కనిపిస్తే కారణం బరువు, ఏడాదిగా కారు పెడుతున్నామన్నారు కదా, ఇళ్లు కట్టేటప్పుడు అక్కడ మనుషులే నడుస్తారనుకుని రెండున్నర అడుగుల్లో వేసేసి ఉంటారు. అలాగైతే ఏడెనిమిది అడుగులు మారిస్తే సరిపోతుంది. అదే ప్రతి జాయింట్లోంచీ వేళ్లు జడల్లా వేలాడుతుంటే కారణం వయసూ చెట్టూ, అప్పుడు ఈ ముక్క మారిస్తే ఆర్నెల్లకి పక్క ముక్క మొదలుపెడుతుంది. కెమెరా నీళ్లలో మునిగి కొన్ని అడుగులు పోయాక మళ్లీ తేలితే అక్కడ లైను కడుపులా జారింది, పైపు పగలకపోయినా వాటం, అంటే నీళ్లు పారే వాలు, పోయింది, మురికి అక్కడ ఎప్పుడూ నిలుస్తుంది. సిమెంటు పైపులూ పోత ఇనుప పైపులూ అయితే పైకప్పు చూడాలి, మురుగులోంచి వచ్చే గ్యాస్ నీటి మట్టం పైనున్న గోడ మీద బ్యాక్టీరియా వల్ల సల్ఫ్యూరిక్ యాసిడ్ అవుతుంది, అడుగు బాగానే ఉండి పైభాగం తినేసి ఉంటుంది. మీవి లోపల గ్లేజు ఉన్న మట్టి పైపులు కాబట్టి ఆ భయం లేదు, వాటి బలహీనత అంతా జాయింట్లలోనూ పెళుసుదనంలోనూ ఉంటుంది.

లైనింగ్ చేస్తానన్నాయన అబద్ధం చెప్పట్లేదు, అది నిజంగా మంచి పద్ధతే. 1971లో లండన్లో ఎరిక్ వుడ్ అనే ఇంజనీరు మొదటిసారి చేసి చూపించాడు. రెసిన్ లో నానబెట్టిన గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి గాలితోనో నీళ్లతోనో తిరగేసి ఉబ్బించి వేడి నీళ్లు, ఆవిరి, లేదా అల్ట్రావయొలెట్ లైటుతో గట్టిపరుస్తారు, పాత పైపులోపల కొత్త పైపు తయారవుతుంది. ఇంటి నేల కిందా పెద్ద చెట్టు కిందా తవ్వలేని చోట దాన్ని మించింది లేదు. కానీ అది పాత పైపు ఆకారాన్నే తెచ్చుకుంటుంది, పాత పైపే కూలి ఉంటే ఏ ఆకారం తెచ్చుకోవాలి? కూలిన ముక్క ముందు తవ్వి మార్చాల్సిందే. జారిన వాటాన్ని కూడా అది సరిచేయదు, బయట ఏర్పడ్డ గుంతనీ పూడ్చదు. పాత పైపుని పగలగొట్టుకుంటూ వెనకే కొత్తది లాక్కెళ్లే పద్ధతి కూడా ఉంది, దానికీ ముందు ఒక తాడు దూరే దారి కావాలి, రెండు చివరలా గుంతలు కావాలి. మీ లైను పొట్టిది, లోతు తక్కువ, పైన టైల్స్ తప్ప ఏమీ లేవు, ఎలాగూ కుంగిన చోట తవ్వక తప్పదు. అందుకని నా ఓటు తవ్వకానికే, లైనింగ్ కి కాదు. అలాగని వీడియో చూడకుండా మొత్తం తవ్వేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. మిగతా లైను సగానికి పైగా వేళ్లూ పగుళ్లూ కనిపిస్తే మాత్రం ఒకేసారి మొత్తం పీవీసీ వేయించేయండి, రెండుసార్లు వాకిలి పాడుచేసుకోవద్దు.

పని జరిగేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. అందరూ పైపు మంచి కంపెనీదా కాదా అని చూస్తారు, అసలు పైపు బతికేది దాని కింద పడక మీద. గుంత అడుగున నాలుగు అంగుళాలు ఇసుక పరిచి దాని మీద పైపు ఆనాలి, సాకెట్ (పక్క పైపు దూరే వెడల్పు నోరు) ఉన్న చోట ఇసుకలో చిన్న గొయ్యి తీయాలి, లేకపోతే పైపు రెండు సాకెట్ల మీద నిలబడి మధ్యలో గాల్లో ఉంటుంది. లెవెల్ కోసం కింద ఇటుక ముక్కలు పెడతారు, పెడితే పెట్టారు, పూడ్చేముందు తీసేశారా అన్నది చూడండి, ఆ ఇటుక ముక్కే పదేళ్ల తర్వాత పైపుని పొడుస్తుంది. వాటం నాలుగంగుళాల పైపుకి 40 అడుగులకి ఒక అడుగు దిగాలి, చాంబర్ల లోతు చాలకపోతే 60 అడుగులకి ఒకటి వరకు ఫర్వాలేదు, కంటితో చూసి బాగుంది అనకుండా ట్యూబ్ లెవెల్ పట్టించండి. కింది చివర నుంచి మొదలుపెట్టి పైకి వేసుకురావాలి, సాకెట్ నోరు నీళ్లు వచ్చే వైపు ఉండాలి.

ముక్కే మారుస్తుంటే పాత మట్టి పైపుకీ కొత్త పీవీసీకీ కలిపే చోట జాగ్రత్త, రెండిటి బయటి సైజులు వేరు, మామూలుగా గోనె చుట్టి సిమెంటు పూసేస్తారు, అది మళ్లీ పాత కథే. స్టీలు పట్టీలున్న రబ్బరు కప్లింగ్ వేయించండి, అది కొంచెం వంగుతుంది, చిట్లదు. పాత పైపుని గట్టి భాగం దొరికేదాకా కోసేయాలి, సుత్తితో కొడితే పక్క ముక్క కూడా చిట్లుతుంది, కట్టర్ వాడమనండి.

పైపులు అతికించిన సొల్యూషన్ బాగా ఆరాక, పూడ్చకముందు, కింది నోరు బిగించి పైనుంచి నీళ్లు నింపి అరగంట ఉంచండి. మట్టం దిగితే ఎక్కడో కారుతోంది. దీనికి ఎంత తొందరపెట్టినా ఒప్పుకోకండి, ఒక్కసారి మట్టి కప్పాక ఎవరూ మళ్లీ తీయరు. కారట్లేదంటే అప్పుడు పక్కల ఇసుక కూరి, పైన ఒక అడుగు రాళ్లు లేని మెత్తటి మట్టో ఇసుకో వేసి, ఆరేసి అంగుళాల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టించాలి. కుంగిన టైల్స్ కింది గుల్ల మట్టి మొత్తం తీయించాలి, పైనుంచి ఇసుక పోసి మూసేస్తే కాదు. మళ్లీ కారు అక్కడే పెడతారు కాబట్టి పైపు పైన, పైపుని తాకకుండా, గుంత కంటే వెడల్పుగా రెండు పక్కలా కదలని నేల మీద ఆనేలా కాంక్రీటు పలక పోయించండి, చక్రం బరువు పక్కలకి పోతుంది. పూడ్చేముందు టేపు పక్కన పెట్టి ఫోటోలు తీసి, గోడ మూల నుంచీ గేటు స్తంభం నుంచీ కొలతలు రాసి పెట్టుకోండి.

మీ గుంత లోతు తక్కువే గానీ తవ్విన మట్టి అంచున పోయనివ్వకండి, రెండడుగులు దూరంగా వేయించండి. ఎక్కడైనా నాలుగైదు అడుగులు దాటితే పక్కలకి చెక్కలతో ఆపు పెట్టకుండా మనిషి దిగకూడదు, ఒక ఘనపు మీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది. లోతు చాంబర్లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దించే మాటే వద్దు. అందులో గ్యాస్ ఎక్కువైతే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన లేదు కదా అని దిగినవాళ్లూ, వాళ్లని లాగడానికి దిగినవాళ్లూ పోయారు.

సంపు గేటు పక్కనే అన్నారు, ఇది మీరు చివర్లో మామూలుగా రాశారు గానీ నాకు అన్నిటికంటే ఇదే భయమేసింది. పగిలిన లైను నీళ్లు ఇన్నాళ్లూ ఆ మట్టిలోనే ఇంకుతున్నాయి, సంపు గోడకి చిన్న పగులున్నా చాలు. ఆ నీళ్లు తాగడానికీ వంటకీ ఈరోజు నుంచే ఆపేయండి, ల్యాబ్‌లో కోలిఫాం పరీక్ష (మురుగు బ్యాక్టీరియా కలిసిందేమో చూసేది) చేయించండి, లైను బాగయ్యాక సంపు ఖాళీ చేసి కడిగి క్లోరిన్ వేసి మళ్లీ ఒకసారి పరీక్ష చేయించాక వాడండి. పని అయ్యేదాకా మెషిన్ ఆపి కొంచెం కొంచెంగా చేత్తో ఉతుక్కోండి, పై అంతస్తులో ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా చెప్పండి, వాళ్లు పైన నీళ్లు వదిలితే పొంగేది మీ బాత్రూమే.

టైల్స్ గురించి అడిగారు కదా, పలక పోసిన చోట కాంక్రీటు గట్టిపడేదాకా, అంటే నాలుగు వారాలు, కారు ఎక్కించకండి, ఆ తర్వాత టైల్స్ వేసుకోవచ్చు. పలక లేని మిగతా గుంత మీద మాత్రం తొందరపడొద్దు, ఒకట్రెండు గట్టి వానలు పడనివ్వండి, వానల్లేని రోజులైతే మీరే రెండు మూడుసార్లు నీళ్లు పట్టండి, ఎంత దిమ్మిస కొట్టినా కొంచెం దిగుతుంది, దిగిన చోట మట్టి పోసి మళ్లీ కొట్టించి అప్పుడు వేయించండి. అందాకా ఒక చెక్క పలక వేసుకుని నడవండి. తీసిన టైల్స్ పారేయకుండా ఒక మూల పేర్చి పెట్టుకోండి, 28 ఏళ్ల ఇంట్లో అదే రంగు మళ్లీ దొరకదు.